ముక్కు పక్కన మొటిమ

ఒక మొటిమ కోసం తొమ్మిది రోజులు ఎదురుచూసిన ఇల్లు ఈ జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది. అదీ పెళ్ళికెదిగిన పిల్ల ముఖం మీద కాదు, అరవై రెండేళ్ళ మా అత్త ప్రమీలమ్మ ముఖం మీద.

గనుల లారీలు కూరెకుప్ప రోడ్డును రాత్రీ పగలూ దంచుతున్న 2009 అది. మా ఆయన సుదర్శన్ సగం పొలం కౌలుకిచ్చి మూడు టిప్పర్లు తిప్పేవాడు. నేను బళ్ళారి కాలేజీలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. అత్తకు దగ్గు ఆగకపోతే అందరూ దుమ్ము వల్లే అన్నారు. బెంగళూరు డాక్టరు మాత్రం ఊపిరితిత్తిలో కాన్సరు గడ్డ అన్నాడు. ముక్క తీసి పరీక్ష చేయించి, కణాల మీద కబురందుకునే ఒక రిసెప్టరు చెడిందనీ, అదృష్టం కొద్దీ దానికి మందుందనీ, రోజుకొక మాత్ర చాలనీ చెప్పాడు. మాత్ర వల్ల ఏమేం రావచ్చో రాసిన కాగితం కూడా ఇచ్చాడు. దాన్ని సుదర్శన్ జీపులో పర్మిట్ల కట్టలో దోపి మరిచిపోయాడు. ఆయన లోకంలో కాగితమంటే లారీ పర్మిటే.

పదో రోజుకి అత్త ముక్కు, బుగ్గలు, మెడ ఎర్రటి గుల్లలతో నిండిపోయాయి. పక్కింటి దుర్గక్క చూసి, అమ్మవారు పోసిందని చెంపలేసుకుంది. ఇంకేముంది, గుమ్మానికి వేపమండలు వేలాడాయి, వంటింట్లో తిరగమోత ఆగిపోయింది. అమ్మ ఒంటి మీద ఉండగా మందు మింగకూడదని మాత్రల డబ్బా దేవుడి గూట్లోకి ఎక్కింది.

మరి నేనేం చేశానంటారా? నోరు మూసుకున్నాను. రోగమే చర్మానికి ఎక్కిందేమో, డాక్టరును అడిగితే ఆ మాటే అంటాడేమో అని హడలిపోయి ఫోను ముట్టలేదు. నాలుగు రోజులకు గుల్లలు మాడిపోతుంటే అందరితో పాటు నేనూ సంతోషించాను.

ఐదో రోజు క్లాసులో ఏటా చెప్పే పాఠం వచ్చింది. బోర్డు మీద కణాన్ని గీసి, పొర మీద రిసెప్టరును పెట్టాను. పెరగమనే కబురు పొర బయటే ఆగిపోతుంది. దాన్ని పట్టుకున్న రిసెప్టరు లోపలి వైపు మేలుకుంటుంది. అక్కడి నుంచి కైనేజు అనే ఒక ఎంజైము ఇంకో కైనేజుకు ఫాస్ఫేటు తగిలించి లేపుతుంది, అది మరొకదాన్ని లేపుతుంది, అలా కబురు కేంద్రకం దాకా పోయి కణం రెండవుతుంది. ఈ రకం రిసెప్టర్లు ఎక్కువగా ఎక్కడుంటాయని నేనే అడిగి, నేనే జవాబు చెప్పాను. చర్మంలో.

చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా చెబుతున్న మాట నా చెవిన పడింది ఆ రోజే.

వరండాలోకి వచ్చి డాక్టరుకు ఫోను చేశాను. ఆ గుల్లలు మందు వల్లేననీ, చాలామందిలో అవి మంచి గుర్తేననీ అన్నాడు. మాత్రలు ఆపి ఎన్నాళ్ళయిందని అడిగాడు. ఐదు రోజులన్నాను. ఈరోజే మళ్ళీ మొదలుపెట్టండి అన్నాడు.

ఇంటికొచ్చి అత్త ముందు కూర్చున్నాను. టిప్పర్ల ఇంటికి టిప్పర్ల భాషే కదా నప్పేది.

"అత్తా, గని గేటుకాడ లారీ హారన్ కొడితే గేటోడు ఈలేస్తాడు. ఈల విన్నోడు జెండా ఊపుతాడు, జెండా చూసి లోడింగు మొదలుపెడతారు. అవునా? నీ ఊపిరితిత్తిలో ఆ హారన్ అంటుకొని పోయిండాది. ఎవురూ కొట్టకపోయినా మోగతానే ఉండాది. ఈ మాత్ర దాని వైరు పీకతాది. తోలులో గూడా అట్లాటి హారన్లే ఉండాయి, బాగుండేవి. వాటి వైర్లూ పీకింది. అందుకే ఆ గుల్లలు లేసింది."

అత్త నెమ్మదిగా తన బుగ్గ తడుముకుంది. బుగ్గ దాదాపు నున్నగా ఉంది.

"అయితే ఇప్పుడు లోపల మళ్ళా మోగతాందా?"

నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న దుర్గక్క ఏదో అనబోతే అత్త చెయ్యెత్తి ఆపింది.

"సుమ్నే ఉండు దుర్గక్కా. అమ్మ నాకు మందు పనిచేస్తాందని చెప్పేదానికి వచ్చిండాది. ఆపమని యాడ చెప్పింది? మనమే ఆపితిమి." గూటికి దండం పెట్టి డబ్బా తీసుకుంది. "అమ్మ మళ్ళా కనపడేదాకా ఈ ఇంట్లో తిరగవాత లేదు."

రోజూ పొద్దున్నే సుదర్శన్ తల్లి ముఖాన్ని టైరు చూసినట్టు వంగి చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. చప్పిడి పప్పు తినలేక ఆయన సగమయ్యాడు. నేను క్లాసులో ఏం చెప్పానో నాకే గుర్తుండేది కాదు.

రెండు నెలల తర్వాత స్కానింగులో గడ్డ సగానికి తగ్గింది. కానీ మా ఇంట్లో పండగ ఆ రోజు కాదు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టిన తొమ్మిదో రోజు పొద్దున, అత్త నన్ను పెరట్లో వెలుతురులోకి లాక్కెళ్ళి ముఖం పైకెత్తింది. ముక్కు పక్కన ఆవగింజంత ఎరుపు ఉంది. నమ్మలేక వేలితో ముట్టాను. ఆమె అబ్బా అని మూలిగింది.

"నొస్తాందా అత్తా?"

"నొస్తాందే, బాగా నొస్తాంది," అంది, కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతూ. నేను ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

"చాల్లే, ఏడ్చింది చాల్లే," అని నా వీపు తట్టింది. "పో, పప్పుకు తిరగవాత వేయి. ఎండుమిరపకాయలు రెండు ఎక్కువే వేయి."