మొదటి చెయ్యి

కాలరక్కను గోడవారగా నిలబెట్టారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమని ఎవరూ అనలేదు. స్టేషన్లో అధికారి మా ఫిర్యాదు కాగితాన్ని రెండు వేళ్ళతో పక్కకు నెట్టేసి, "ఆ మెసేజ్ మొదట పంపింది ఈవిడేగా? ఈవిడ పేరు రాసివ్వండి. సాయంత్రానికల్లా కేసు తేలిపోతుంది," అన్నాడు.

పని చేసే ప్రతివాళ్ళూ, చదువు ముగించి పని వెతుక్కుంటున్న ప్రతివాళ్ళూ ఈ మాట గుర్తుపెట్టుకోండి. దొంగ దొరక్కపోతే, మోసపోయినవాళ్ళలోంచే ఒక దొంగను తయారుచేస్తారు.

మేం ముప్పై ఇద్దరం. చొక్కాల ఫ్యాక్టరీలో ఒకే లైను. నేను కాజాలు కుట్టేదాన్ని. ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు గుండీలు. మేం పిలుచుకునే పేర్లు కూడా అవే. మనకన్నా ముందు మిషను మీద కూర్చున్నవాళ్ళను 'ముందు చెయ్యి' అంటాం. ముందు చెయ్యి కుట్టిన బట్టను తిరగేసి చూడకూడదు. చూస్తూ కూర్చుంటే పని వెనకబడుతుంది, సూపర్‌వైజరు నోరు లేస్తుంది. కుట్టు సరిగ్గానే ఉందనుకుని మన కుట్టు మనం వేసి పక్కకు తోసెయ్యడమే. పద్నాలుగేళ్ళు అలాగే బతికాం.

యజమాని గేటుకు తాళం వేసిన మూడోవారం కాలరక్క ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంట్లోనే కూర్చుని ఫోటోల్లో చొక్కాల కుట్లు పరీక్షించే ఉద్యోగమట. పెద్ద కంపెనీ గుర్తు, కింద సంతకం. అక్క దాన్ని చేతులమ్మకు పంపింది. చేతులమ్మ నాకు, నేను గుండీల పిన్నికి. పంపిన మనిషిని చూశామే గానీ మెసేజ్‌ను ఎవరూ తిరగేసి చూడలేదు. రిజిస్ట్రేషన్ అన్నారు, కట్టాం. ట్రైనింగ్ అన్నారు, మళ్ళీ కట్టాం. పిన్ని తన కూతురి కాలేజీ ఫీజు కూడా అందులోనే పోసింది. పని మాత్రం రాలేదు.

నిన్న పిన్ని ఇంట్లో పెద్ద రభసే అయింది.

"నీ మొహం చూసే కట్టానే! నా పిల్ల పరీక్ష ఎలా రాస్తుందిప్పుడు?" అని పిన్ని కాలరక్క మీదికి వెళ్ళింది.

"నేను మాత్రం తిన్నానా పిన్నీ? నావీ పోయాయి కదా," అంది అక్క.

లైను చివర్లో కూర్చునే చెకింగ్ అత్త ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదువుతోంది.

"అరవడం ఆపండర్రా. తిరగేసి చూడ్డమే నా పని, నేనూ చూడలేదు. ఇప్పుడు వినండి. జీతమిచ్చేవాడు మనకివ్వాలి గానీ, మన దగ్గర తీసుకుంటాడా? మొహం చూపించలేదు, చాటింగులోనే ఉద్యోగం ఇచ్చేశాడు. పది నిమిషాల్లో కట్టకపోతే పోతుందన్నాడు. ఆఫీసెక్కడ అంటే జవాబు లేదు. అసలు కంపెనీకి ఫోన్ చేసి అడిగారా ఎవరైనా?"

ఎవరూ అడగలేదు. అత్త అప్పటికప్పుడు కంపెనీ నంబరు వెతికి ఫోన్ చేసింది. అలాంటి ఉద్యోగాలేవీ మా దగ్గర లేవండీ అని అవతలి అమ్మాయి చెప్పేసింది. ఒక్క నిమిషం పట్టింది. ఆ ఒక్క నిమిషం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"పరువు పోతుందే, బయట అనకండి," అంది చేతులమ్మ.

"మనం నోరు మూసుకుంటే వాడు రేపు పక్క ఫ్యాక్టరీ వాళ్ళ మీద పడతాడు," అన్నాను. "పదండి, అందరం పోదాం."

అలా వచ్చాం. వస్తే ఇదీ మాకు జరిగిన మర్యాద.

అధికారి పెన్ను తీసి గుండీల పిన్ని చేతిలో పెట్టాడు. "రాయమ్మా. అందరికన్నా ఎక్కువ పోయింది నీకేగా. ఈవిడ పేరు రాస్తే నీ డబ్బు ఈవిడ దగ్గరే కక్కిస్తా."

పిన్ని పెన్ను వంక చూసింది, అక్క వంక చూసింది. నిన్న మీదికి వెళ్ళిన మనిషి.

"నాకు పంపింది ఈ కాజాల పిల్ల సార్," అంది పిన్ని. నన్ను వేలెత్తి చూపించింది. "నేను ఇస్త్రీ వదినకు పంపాను. మరి ఈ పిల్ల పేరూ నా పేరూ కూడా రాయమంటారా?"

"రాయి పిన్నీ," అన్నాను. "నేను పంపిన మాట నిజమే."

"నాదీ రాయి," అంది చేతులమ్మ. పరువు పోతుందన్న మనిషే అందరికన్నా గట్టిగా అంది. వరండాలో ఉన్నవాళ్ళు కూడా లోపలికి తోసుకొచ్చారు. నాదీ, నాదీ అంటుంటే గది నిండిపోయింది.

అధికారి బల్ల చరిచాడు. "వేళాకోళంగా ఉందా? మొదలుపెట్టిందెవరో చెప్పకపోతే అందర్నీ లోపలేస్తా!"

"వెయ్యండి బాబూ," అంది అత్త. "ముప్పై ఇద్దరికి చోటుందో లేదో ముందు చూసుకోండి."

అప్పుడు కాలరక్క ఫోను మోగింది. ఉద్యోగం మెసేజ్ వచ్చిన నంబరే. అక్క స్పీకరు నొక్కింది.

"మేడమ్, కంగ్రాట్స్! మీ ఉద్యోగం ఖాయమైపోయింది. ఐడీ కార్డుకు కాస్త కట్టేస్తే చాలు. పది నిమిషాలే టైముంది మేడమ్, త్వరగా..."

అక్క గోడ వదిలి బల్ల దగ్గరికి నడిచొచ్చింది. ఫోను మా ఫిర్యాదు కాగితం మీద, అధికారి ముందు పెట్టింది.

"మొదటి చెయ్యి ఇదిగో సార్. మాట్లాడండి."