తవిటమ్మ విన్న గొంతు

ఝాన్సీకి నత్తి. బళ్లో పిల్లలు ఆమె మాటను పట్టుకుని ఇంటిదాకా వెక్కిరిస్తూ వచ్చేవారు. దాంతో ఆ పిల్ల మాట్లాడటమే మానేసింది, ఒక్క తవిటమ్మ దగ్గర తప్ప.

తవిటమ్మ ఊరి చివర, సముద్రం ఒడ్డు ఇసుకదిబ్బ పక్కన గుడిసెలో ఒక్కతే ఉండే ముసలామె. ఎండుచేపలు అమ్ముకునేది. రెండు చెవులూ వినపడవు. బడి వదిలాక ఝాన్సీ ఆమె పక్కన చేరి, ఎండేసిన నెత్తళ్ల చేపల మీదికి కాకులు రాకుండా అదిలిస్తూ, కడుపులో దాచుకున్నదంతా చెప్పేసేది. తవిటమ్మ తలూపి, "అవునమ్మీ, ఈ ఏడు సేప తగ్గిపోనాది" అనేది. ఝాన్సీకి నవ్వొచ్చేది.

అంతలో జెట్టీ కట్టడానికి ఆ దిబ్బ కావలసొచ్చింది. అది తవిటమ్మ మావగారిది. అందులోని జీడితోట తుఫానుకు పోయాక ఎవరూ పట్టించుకోని నేల. దానికొచ్చిన డబ్బు విని ఊరంతా నోరెళ్లబెట్టింది. పలకరించనివాళ్లకు కూడా వరసలు గుర్తొచ్చాయి. శ్రీకాకుళం నుంచి మేనల్లుడు రమేష్‌బాబు కారేసుకుని దిగాడు.

"ఎవల పిల్లవే? ఏటి కావాల?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఝాన్సీని చూసి. చెప్పబోతే మాట రాలేదు. అతను తలుపు దగ్గరికేశాడు. ఆ వారమే ముసలామెను తన ఇంటికి తీసుకుపోయాడు.

కొన్నాళ్లు ఝాన్సీ ఖాళీ గుడిసె ముందు కూర్చుంది. గోడతో మాట్లాడి చూసింది. గోడ తలూపదు. కూతురు సరిగా తినడం లేదని గమనించిన తండ్రి గోపి, వలతాడు కొనడానికి శ్రీకాకుళం వెళ్తూ ఆమెనూ బస్సెక్కించాడు.

రమేష్‌బాబు ఇంట్లో, మేడ మీద టీవీ ముందు కూర్చుని ఉంది తవిటమ్మ. చెవి వెనక చిన్న మిషను.

"రా అమ్మీ! ఇప్పుడు నాకన్నీ ఇనిపిస్తన్నాయి. ఫేను, టీవీ, కింద ఆటోలు... నీ గొంతే ఇంకా ఇన్లేదు. సెప్పు."

తన నత్తి వినని మనిషి ఈ భూమ్మీద ఈమె ఒక్కతే. ఝాన్సీ తల దించుకుంది.

"ఏటే? డబ్బులొచ్చీసినాయని కోపమా?"

ఆ మాటకు ఆగలేకపోయింది. "మా... మామ్మా... నువ్... నువ్వు లేక నా... నాకు తో... తోసట్లేదు."

ఆ ఒక్క మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. తవిటమ్మ మధ్యలో మాట అందించలేదు, తలా ఊపలేదు. చివరిదాకా వింది.

"ఇన్నాళ్లూ నువ్వు సెప్పినవన్నీ ఇనకుండానే తలూపీసినానే," అంది. "ఇక్కడ అందరూ నాతో మాటాడతారు. అన్నీ బేంకు మాటలే."

"వ... వచ్చేయ్, మామ్మా."

"యాడికి రాను? గుడిసె మీంచి రోడ్డేసీస్తారట."

సాయంత్రం బస్సుకు టైమయిందని గోపి లేచాడు. రమేష్‌బాబు వద్దంటున్నా తవిటమ్మ మెట్లు దిగి వీధి గుమ్మం దాకా వచ్చింది.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం తండ్రి ఫోను తీసుకుని ఝాన్సీ ఆమెతో మాట్లాడేది. మిగిలిన రోజుల్లో బడి నుంచి ఒక్కతే నడిచొచ్చి, నోరు విప్పకుండా పడుకునేది. వానలు పడకముందే గుడిసె తీసేశారు. ఆ సంగతి ఫోనులో చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు.