పడవ అడుగున అలసట

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. అది మీ తప్పు కాదు. చెప్పాల్సిన పెద్దవాళ్ళు సాయంత్రానికి సగం ప్రాణంతో ఇల్లు చేరి, అన్నం తిన్నారా, హోంవర్క్ అయిందా అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఇవాళ కాస్త తీరిక చిక్కింది. ముందుగా ఒక మాట. ఇందులో పడవ ఉంది, లోతు నీళ్ళున్నాయి. కథ బాగుంది కదా అని ఎవరూ ఒంటరిగా గట్టు చివరికి వెళ్ళకూడదు. సరేనా? ఇక వినండి.

లిఫ్టు మావయ్య, కుట్టు అత్తయ్య పరాయి దేశంలో ఒక రేవులో తెరచాప పడవ మీద కాపురం ఉండేవాళ్ళు. మావయ్య నలభై ఏళ్ళు ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేశాడు. అత్తయ్య దాదాపు అంతకాలమూ ఒక బట్టల కొట్టు వెనక గదిలో కూర్చుని ప్యాంట్లకు అంచులు మడిచి కుట్టింది. రిటైరైన రోజున మావయ్య, "ఇన్నేళ్ళూ పైకీ కిందకీ తిరిగాను, ఇక అడ్డంగా తిరుగుతాను" అని ప్రకటించి, ఉంటున్న ఫ్లాటు ఖాళీ చేసి, ఈ పాత పడవ కొన్నాడు. అత్తయ్య సరే అంది. ఆవిడ సరే అననిదెప్పుడు గనక.

పొద్దున్నే అత్తయ్య లేచి ఇరుకు వంటగట్టు మీద టీకి నీళ్ళు పడేసేది. మావయ్య మోకాళ్ళు పట్టుకుంటూ కూలబడి, గది మధ్యన నేలపలక ఎత్తి, చేతిపంపు గొట్టం కిందికి దించి తోడడం మొదలుపెట్టేవాడు. ఏ పడవకైనా అడుగున ఎంతో కొంత సముద్రపు నీరు చేరుతుంది. వీళ్ళ పడవలో చేరేది మాత్రం అలసట. ఎవరైనా చెప్పులు విప్పి లోపలికొచ్చి, బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంటే చాలు. ఒంట్లో ఉన్న అలసట అరికాళ్ళలోంచి జారి, పలకల సందుల్లోంచి అడుగుకు దిగిపోయేది. గోరువెచ్చగా, బూడిద రంగులో, కాస్త చిక్కగా ఉండేది. నర్సు అలసట స్పిరిట్ వాసన వేసేది. రొట్టెల బట్టీలో పనిచేసే ఆయనది మాడు వాసన. లెక్కల టీచరు వచ్చి వెళ్ళిన రోజున పంపులో సుద్దపొడి అడ్డం పడేది.

ఇందులో దాపరికమేం లేదు. అమ్మినాయన అమ్మేటప్పుడే చెప్పాడు: ఇంజను బాగుంటుంది, తెరచాప పాతది, అలసట కిందికి దిగుతుంది, పొద్దున్నే తోడుకోవాలి. మావయ్య తెరచాప దగ్గరే బేరమాడాడు. రేవులో జనానికీ, ఫలానా కొట్లో రొట్టె బాగుంటుందని తెలిసినట్టే, ఫలానా పడవలో కూర్చుంటే ఒళ్ళు తేలికపడుతుందని తెలుసు. తోడిన అలసట గట్టు పక్కన నీళ్ళలోకే పోయేది. అక్కడి చేపలు ఈదడానికి బద్ధకించి ఎక్కడివక్కడ నిలబడిపోయేవి. సముద్రపక్షులు అలల మీద కూర్చుని కునికేవి.

మొదట నర్సు ఒక్కతే వచ్చేది. వానలో బస్సు కోసం నిలబడి ఉంటే అత్తయ్యే చూడలేక లోపలికి పిలిచింది. ఆమె వెళ్ళి బట్టీ ఆయనకు చెప్పింది. ఆయన టీచరుకు చెప్పాడు. ఏడాది తిరిగేసరికి సాయంత్రమైతే పడవ ముందు చెప్పులు బారులు తీరేవి. గుమ్మంలోకి వచ్చిన మనిషిని రండి, కూర్చోండి అనకుండా ఉండటం అత్తయ్యకు చేతకాదు. టీ కలిపి ఇవ్వకుండా ఉండటం అసలే చేతకాదు. మావయ్య లోలోపల సణిగేవాడు గానీ, ఎవరైనా ఎదురుపడితే ఆయన కూడా జరిగి చోటిచ్చేవాడు. ఇద్దరికిద్దరూ మొహమాటానికి పుట్టినవాళ్ళే.

దాంతో పడవ కట్టిన చోటు వదల్లేదు. అంత బరువుతో బయల్దేరలేరు. తోడి ఖాళీ చేద్దామంటే పొద్దు సరిపోదు. ఈలోగా మళ్ళీ చెప్పుల చప్పుడు. నర్సుకు రాత్రి డ్యూటీలు అయ్యాక వెళదాం అనుకునేవాళ్ళు. అవి అయ్యేసరికి టీచరుకు పరీక్ష పేపర్లు వచ్చిపడేవి. అలా నాలుగేళ్ళు గడిచిపోయాయి. అడ్డంగా తిరుగుతానన్న మావయ్య ఒంగి తోడడమే సరిపోయింది.

ఆ ఏడాది, నొప్పెడుతున్న మావయ్య కుడి భుజాన్ని డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, చలికాలం లోపల ఆపరేషన్ తప్పదన్నాడు. ఆ తర్వాత పంపు కొట్టకూడదు, తాడు లాగకూడదు. అదే వారంలో ఒక పళ్ళ డాక్టరు రేవుకు షికారొచ్చి, పడవ చూసి ముచ్చటపడి, బట్టలు ఆరేస్తున్న అత్తయ్యను ఇది అమ్ముతారా అని అడిగాడు. కాదంటే ఏమనుకుంటాడోనని అత్తయ్య సరే అంది. వేసవి అయ్యాక వస్తానని ఆయన వెళ్ళిపోయాడు.

ఈ సంగతి చెబితే మావయ్య రెండు పూటలు మాట్లాడలేదు. వాళ్ళ కూతురు మాత్రం ఫోన్లో సంతోషపడింది. తన ఇంటి పక్క వీధిలోనే చిన్న ఫ్లాటు చూస్తానంది. నిజం చెప్పాలంటే అత్తయ్యకూ కదలని మంచం మీద పడుకోవాలనే ఉంది. అంతకన్నా పెద్ద కోరిక కోరే శక్తి ఆవిడకు లేదు.

మూడో పూట మావయ్య నోరు విప్పాడు. "పోనీలే. ఒక్కసారి, నాలుగు దిక్కులా నీళ్ళే కనబడే చోటికి వెళ్ళి, పొద్దున్నే అక్కడ టీ తాగి వచ్చేద్దాం. తర్వాత ఆయనకే ఇచ్చేద్దాం."

వేసవి సెలవులు రావడంతో ఊరు సగం ఖాళీ అయింది. నర్సు సెలవు పెట్టి వెళ్ళింది. బడి మూశారు. బట్టీ ఆయన చెల్లెలింటికి వెళ్ళాడు. గుమ్మం ముందు చెప్పులు లేవు. మావయ్య ఎడమ చేత్తో, అత్తయ్య రెండు చేతులతో, వంతులవారీగా తోడి తోడి, నాలుగేళ్ళలో మొదటిసారి పడవ అడుగు పొడిగుడ్డతో తుడిచారు. మర్నాడు తాళ్ళు విప్పి బయల్దేరారు.

రేవు దాటి తెరచాప గాలి పట్టిందో లేదో, పడవ పక్కకు ఒరిగింది. ఒరగడమంటే అలా ఇలా కాదు. గిన్నెలు, గ్లాసులు, టీ డబ్బా, మావయ్య కళ్ళజోడు, అన్నీ ఒక మూలకు చేరాయి. తెరచాప అంచు నీళ్ళు తాకింది. అత్తయ్య తెరచాప స్తంభాన్ని కౌగిలించుకుని కళ్ళు మూసుకుంది. మావయ్య ఎలాగో తెరచాప దించి, ఇంజను వేసి, వెనక్కి తీసుకొచ్చి కట్టేశాడు.

నేలపలకలన్నీ ఎత్తి చూస్తే అప్పుడు తెలిసింది. అడుగున బరువు కోసం పేర్చే ఇనపదిమ్మల గూళ్ళు ఖాళీగా ఉన్నాయి. తుప్పు మరకలే మిగిలాయి. ఎవరో ఎప్పుడో దిమ్మలు తీసేసి, అలసటతోనే సరిపెట్టుకున్నారు. ఎప్పుడూ నిండి ఉండే అడుగు కాబట్టి వీళ్ళ కంట పడలేదు. మావయ్య తల పట్టుకున్నాడు. లిఫ్టుకు ఎదురుబరువు లేకపోతే ఏమవుతుందో నలభై ఏళ్ళు చూసిన మనిషి, పడవ అడుగున ఉన్న బరువును బరువనుకున్నాడే గానీ, ఆధారం అనుకోలేదు.

కొత్త దిమ్మలు పోత పోయాలంటే వేసవి దాటుతుందన్నారు. రేవు కాపలాదారు ఇసుక బస్తాలు తెచ్చి పెట్టాడు. పడవ కొంచెం ఊగగానే అవి ఒకదాని మీద ఒకటి దొర్లాయి. నీళ్ళు నింపితే ఇటు నుంచి అటు పరుగెత్తాయి. అలసటకు ఆ పేచీ లేదు. ఎక్కడ చేరగిలబడితే అక్కడే ఉంటుంది.

ఇన్నేళ్ళూ ఎవరినీ వద్దనలేక చచ్చిన మావయ్య, ఇప్పుడు రండి రండి అంటూ రేవంతా తిరగాల్సి వచ్చింది. కానీ ఊళ్ళో అలిసిన మనిషి దొరికితేగా. బట్టీలో బదులు పనికి వచ్చినవాడు ఈల వేస్తూ పిండి పిసుకుతున్నాడు. నర్సు సెలవు నుంచి తిరిగొచ్చి, ఎండకు కమిలిన మొహంతో నవ్వుతూ, పాపం గంటసేపు ఓపిగ్గా కూర్చుంది. గుక్కెడు కూడా దిగలేదు. మావయ్యే కూర్చుంటే అరబకెట్టు దిగింది. ఆయనది ఏ రోజుది ఆ రోజే దిగిపోతూ వచ్చింది మరి. వేసవి తరిగిపోతోంది.

గట్టు మీద నిలబడి మావయ్య పడవ పక్కన గీసిన గీత వంక చూశాడు. సరైన బరువుంటే నీళ్ళు ఆ గీత దాకా రావాలి. గీత మూరెడు ఎత్తులో ఎండుతోంది. అక్కణ్ణుంచి అత్తయ్య వంక చూశాడు. ఆవిడ కిటికీ లోపల బల్ల మీద కూర్చుని, తెరచాపకు పడిన చిరుగు కుడుతోంది.

"నువ్వు కూర్చో" అన్నాడు.

"కూర్చునే ఉన్నాగా."

"సూది పక్కన పెట్టి కూర్చో."

"నాకేం అలసటండీ? నిలబడి ఎక్కి దిగి చేసింది మీరు. నేను జీవితమంతా కుర్చీలోనే ఉన్నాను."

"అయితే ఏమీ దిగదు. నీ సొమ్మేం పోయింది, కూర్చుని చూడు."

అప్పుడు ఇద్దరికీ తట్టింది, ఈ నాలుగేళ్ళలో ఆ బల్ల మీద ఆవిడ ఒట్టి చేతులతో ఒక్కసారైనా కూర్చోలేదని. వచ్చినవాళ్ళందరికీ టీ కలుపుతూనో, ఒకరి కోటు బొత్తాం కుడుతూనో, గ్లాసులు కడుగుతూనో ఉండేది. చేతిలో పని ఉంటే అలసట దిగదు.

అత్తయ్య కూర్చుంది. చేతులు మాట వినలేదు. ఒళ్ళో పెట్టుకుంటే దారప్పోగులు ఏరాయి. పక్కన పెట్టుకుంటే బల్ల మీద దుమ్ము తుడిచాయి. చివరికి బడిపిల్లలా వాటిని తొడల కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బొట్టు పడిన చప్పుడు. మరొకటి. ఆ తర్వాత కుళాయి తిప్పినట్టు మొదలైంది. ఇస్త్రీపెట్టె ఆవిరి వాసన వచ్చింది, మిషన్ నూనె వాసన వచ్చింది. కూతురికి జ్వరమొచ్చినప్పుడు సెలవు దొరకక, కుట్టు మీదే కళ్ళు, గోడ గడియారం మీదే ప్రాణం పెట్టి గడిపిన మధ్యాహ్నాలు దిగాయి. పరాయి భాషలో ఎదుటివాళ్ళు ఏమన్నారో అర్థం కాక, నవ్వీ నవ్వీ నొప్పెట్టిన దవడల అలసట దిగింది. ఇష్టం లేకుండా అన్న ఒక్కొక్క 'సరే' దిగింది. అవి అన్నిటికన్నా చిక్కగా ఉన్నాయి.

గట్టు మీద మావయ్య గీతను చూస్తున్నాడు. నీళ్ళు గీతను అందుకున్నాయి. గీతను ముంచాయి. కిటికీ అంచు దాకా వచ్చాయి.

"ఇదిగో, చాలు. మునిగిపోతాం" అన్నాడు.

"నేను ఆపితే ఆగుతుందా?" అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే.

మావయ్య లోపలికి దూకి ఎడమ చేత్తో పంపు అందుకున్నాడు. అటు దిగుతుంటే ఇటు తోడి, నీళ్ళను మళ్ళీ గీత దగ్గరికి తెచ్చేసరికి సాయంత్రమైంది. అత్తయ్య లేచి నిటారుగా నిలబడితే తల గది కప్పుకు తగిలింది. ఇన్నాళ్ళూ తగిలేది కాదు.

మర్నాడు బయల్దేరారు. పడవ నిండు గర్భిణిలా నింపాదిగా, ఎటూ ఒరగకుండా వెళ్ళింది. దీపస్తంభం దాటాక మావయ్య చుక్కాని పట్టుకునే కునికాడు. అత్తయ్య ఆయన్ని పడుకోబెట్టి దుప్పటి కప్పి, చుక్కాని తను పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు. ప్యాంటు అంచు ఎటు లాగితే మడత ఎటు పోతుందో తెలిసిన చేతికి, గాలి ఎటు లాగుతోందో తెలియడం పెద్ద కష్టం కాలేదు.

తెల్లారేసరికి నాలుగు దిక్కులా నీళ్ళే. అత్తయ్య టీ పెట్టి ఆయన్ని లేపింది. మావయ్య మెల్లగా ఒక చుట్టు తిరిగి చూశాడు.

"ఏముంది, నీళ్ళేగా" అన్నాడు. రెండో గ్లాసు కూడా తాగి, చాలాసేపు అటే చూసి, "తృప్తిగా ఉందే. ఇక పద, ఆయనకిచ్చేద్దాం" అన్నాడు.

అత్తయ్య గాలి వచ్చే వైపు చూస్తోంది.

తిరిగొచ్చేసరికి పళ్ళ డాక్టరు టేపు పట్టుకుని గట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో కొలుచుకోవాలట. అత్తయ్య తాడు విసిరి, దిగి ముడి వేసి, తాపీగా చెప్పింది.

"ఇవ్వమండీ."

మావయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఆవిడ నోట ఆయన ఎన్నడూ వినలేదు.

"మీరే కదా సరే అన్నారు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"అన్నాను. అప్పుడు నా ఒంట్లో ఓపిక లేదు. సరే అనడానికి ఓపిక అక్కర్లేదు. కాదనడానికే కావాలి. మిమ్మల్ని తిప్పినందుకు ఏమీ అనుకోకండి, టీ తాగి వెళ్ళండి."

ఆయన మొహం ముడుచుకునే కూర్చున్నాడు. రోజంతా వంగి పరాయి నోళ్ళలోకి చూసే మనిషి కదా, గ్లాసు కింద పెట్టాక లేవడానికి మనసొప్పక, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. వెళ్ళేటప్పుడు టేపు మర్చిపోయాడు.

మావయ్య భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి మెడకు కట్టుకుని ఆయన కూర్చుంటే, అత్తయ్యే చుక్కాని పట్టి, వాతావరణం బాగున్నప్పుడల్లా తిప్పేది. కూతురు ఫోన్లో అలిగింది. అత్తయ్య అంతా విని, నువ్వే వచ్చి ఒక పూట ఈ బల్ల మీద కూర్చో అంది. కూతురు వచ్చి కూర్చుంది కూడా. ఆ మర్నాడు పంపు కొట్టడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. సాయంత్రాలు జనం మళ్ళీ రాసాగారు. గీత దాకా ఉంచి, పైది మాత్రమే తోడేవాళ్ళు. తమకు కుదరని రోజున అత్తయ్య గుమ్మంలోనే నిలబడి, ఇవాళ కాదు, గురువారం రండి అనేది. ఎవరూ ఏమీ అనుకోలేదు. గురువారమే వచ్చారు.

పిల్లలూ, కథ ఇంతే. మీరు పెద్దయ్యాక, మీ చుట్టూ ఎవరైనా మాటమాటకీ సరే, సరే అంటూ కనిపిస్తే, వాళ్ళ చేతిలో పని లాక్కుని పక్కన పెట్టి, కూర్చోబెట్టి, ఈ కథ చెప్పండి. మధ్యలో వాళ్ళు నిద్రపోతే లేపకండి. మర్నాడు మళ్ళీ మొదటినుంచీ చెప్పండి.