నూనె తొట్టి

నూనె తొట్టిలో పడ్డ అచ్చు కార్ఖానాది. పెడనలో అద్దకం పనికి చేరినవాళ్ళకి ఈ మాట ఎవరూ పనిగట్టుకుని చెప్పరు, మొదటి వారంలోనే తెలిసిపోతుంది. కొత్తగా చెక్కిన టేకు అచ్చుని నాలుగైదు రోజులు నూనెలో నానబెట్టకపోతే రంగు తగలగానే పగులుతుంది. అంత నూనె కార్ఖానా యజమానులకే ఉంటుంది. అందుకని తొట్టి ఎవరిదైతే అచ్చు వాళ్ళది. పద్నాలుగేళ్ళుగా నాగభూషణరావుగారి కార్ఖానాలో దుప్పట్ల మీద అచ్చులు కొడుతున్న రత్నకుమారికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసే, వేరే దారి లేక, గురువారం సాయంత్రం తన అచ్చుని కొంగుచాటున తెచ్చి ఆ తొట్టిలో వేసింది.

దాన్ని ఆమె ఏడాది పాటు చెక్కింది. గుడ్డలు ఎండే మధ్యాహ్నాల్లో, అచ్చులు చెక్కే గోవిందరాజులుగారి అరుగు మీద కూర్చుని, ఆయన పక్కన పడేసిన టేకు ముక్క మీద. నెమళ్ళూ మామిడి పిందెలూ అందరూ చెక్కుతారు. ఆమె చెక్కింది మడచెట్టు. పుట్టిల్లు నాగాయలంక అవతల. చిన్నప్పుడు అమ్మ వెంట పీతలకి వెళ్ళి, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఆ వేళ్ళ మధ్య నడిచిన పిల్ల. అచ్చులో వేళ్ళ కింద ఒక పీత కూడా ఉంది. ఏడో ఆకు దగ్గర ఉలి జారి ఈనె తెగింది. గోవిందరాజులుగారు వేలితో తడిమి చూసి, "పోనీలేమ్మా, నీ సంతకం అనుకో," అన్నారు.

వచ్చే శుక్రవారం బందరులో చేతిపనులవాళ్ళకి ఎంపిక. సొంత డిజైను, అంతకుముందు బజారులోకి రానిది, చీర మీద అద్ది చూపించాలి. కుదిరితే సొంత పేరు మీద ప్రదర్శనలో స్టాలు ఇస్తారు. ఆమె కొట్టిన గుడ్డ ఎక్కడెక్కడికో వెళ్ళింది గాని, ఏ గుడ్డతోనూ ఆమె పేరు వెళ్ళలేదు. ఆమెకి కావలసింది అదే.

ఆదివారం మధ్యాహ్నం భర్తకి వడ్డిస్తూ అడిగింది. రామ్‌ప్రసాద్ మేనత్త కొడుకే. ఆ కార్ఖానాలోనే రాగి గుండిగ దగ్గర గుడ్డలు ఉడకబెడతాడు. తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

"ఒక్క పని చెయ్యి బావా. రేపు పొద్దున్నే పొయ్యి వెలిగించగానే తొట్టిలోంచి నా అచ్చు తీసి సంచిలో పెట్టు. అయ్యగారు గుడివాడ పెళ్ళి నుంచి మధ్యాహ్నానికి గాని రారు. నేనే వచ్చేదాన్ని గాని, ఐదింటికి పంపులో నీళ్ళు వదుల్తారు."

"బందరోళ్ళు నీకోసం దారి కాస్తున్నారా?"

"కాయట్లేదు. అందుకే నేనే వెళ్తానంటున్నా."

"వెళ్ళి ఫోటో దిగి వస్తావు. అప్పుడు ఊళ్ళో నన్నేమంటారో తెలుసా? రత్నం మొగుడంటారు."

"ఇప్పుడేమంటున్నారేంటి?"

"ఇప్పుడు నిన్ను రామ్‌ప్రసాద్ పెళ్ళామంటున్నారు. అది బానే ఉంది."

ఆమె నవ్వింది. అతను చేపముల్లు తీసి కంచం అంచున పెట్టాడు.

"తీస్తావా, తియ్యవా?"

"తీస్తాలే. పులుసు పొయ్యి."

సోమవారం తొమ్మిదింటికి ఆమె వెళ్ళేసరికి కార్ఖానా ముందు యజమాని స్కూటరు ఉంది. పెళ్ళి భోజనం పడక తెల్లవారుజాము బస్సుకే వచ్చేశారట. ఆయన బల్ల మీద, పాత పేపరు పైన, నూనె మరకల మధ్య ఆమె మడచెట్టు.

"రా అమ్మా రత్నం, ఇది చూడు. గోవిందరాజులు చెయ్యి కాదిది. ఎవరు చెక్కారో గాని, హైదరాబాదు షాపుకి ఫోటో పంపితే అప్పుడే ఫోన్ చేశారు. దుప్పట్లు కావాలట, రెండు వందలు."

"అది నాదండి."

నాగభూషణరావుగారు కళ్ళజోడు తీశారు. కోపం తెచ్చుకోలేదు. "తొట్టిలో దొరికింది కదమ్మా."

"నేనే వేశానండి. ఇవాళ తీసుకుందామని."

"మీ ఆయన్ని అడిగితే కార్ఖానాదేనన్నాడు. అతనే తుడిచి నా చేతికిచ్చాడు."

రామ్‌ప్రసాద్ అటు తిరిగి, నిండుగా మండుతున్న పొయ్యిలోకి ఇంకో కట్టె తోస్తున్నాడు.

మధ్యాహ్నం ఆమె గోవిందరాజులుగారి అరుగెక్కింది. ఆయన అంతా విని చాలాసేపు ఉలి నూరుకున్నారు.

"నీదేనని ఎక్కడికొచ్చి చెప్పమన్నా చెప్తాను. కానీ తొట్టిలో ఎందుకుంది అని అడుగుతారమ్మా. దానికి నా దగ్గర మాట లేదు. పోనీ, ఇంకోటి చెక్కు. చెక్క నేనిస్తా."

"చెక్కి ఎక్కడ నానబెట్టమంటారండీ?"

ఆయన మళ్ళీ ఉలి అందుకున్నారు.

సాయంత్రం కాలువగట్టు మీద నడుస్తూ రామ్‌ప్రసాదే మొదలెట్టాడు. "తీసి తుడుస్తుండగా వచ్చేశాడు. ఎవరిదిరా అన్నాడు. నోట్లోంచి అలా వచ్చేసింది."

"నాదని రాలేదేం?"

"దొంగతనంగా నానబెట్టారని ఇద్దరినీ పొమ్మంటే?"

"ఆయన పొమ్మనేవారు కాదు. అది నీకూ తెలుసు."

అతను ఒక మట్టిబెడ్డని కాలువలోకి తన్నాడు. తర్వాత ఓదార్పు లాంటి గొంతుతో అన్నాడు. "అయినా అచ్చు ఎక్కడికీ పోలేదుగా. రోజూ నువ్వే కొడతావు."

ఆ మాట అతను మంచికే అన్నాడు. రత్నకుమారి అతని ముఖంలోకి చూసి, ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదని తెలుసుకుంది.

శుక్రవారం పొద్దున యజమాని అచ్చు ఆమె చేతికే ఇచ్చారు. "నీ చెయ్యి పడితేనే నిలుస్తుందమ్మా," అన్నారు. బల్ల మీద దుప్పటి పరిచి ఉంది. ఒక్క అచ్చు వంకరగా కొడదామనుకుంది. ఒకటి చెడితే దుప్పటంతా పోతుంది. రంగులో అద్ది, పక్క అచ్చు అంచుకి ఆనించి, పిడికిలితో గుద్దింది. సూటిగా పడింది. మళ్ళీ అనుకుంది. మళ్ళీ సూటిగానే పడింది. పద్నాలుగేళ్ళ చెయ్యి ఆమె మాట వినలేదు.

రోడ్డు మీద బందరు బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళింది. దుప్పటి నిండా వరసలు వరసలుగా మడచెట్లు, ప్రతిదానికీ ఏడో ఆకులో ఈనె తెగి ఉంది.

"రంగు అయిపోతోంది, బావా," అని పిలిచింది. రామ్‌ప్రసాద్ తెచ్చి పోశాడు.