పలకరింపులకొచ్చిన మంచం

వనపర్తిలో ఓ దవాఖాన. అందులో ఆడవాళ్ల వార్డు చూసే నర్సు సుమన పొద్దున డ్యూటీ ఎక్కగానే ప్రతి మంచం దగ్గరా ఒకటే మాట అడిగేది: "ఎట్లున్నవ్?" జవాబు వచ్చేలోపు పక్క మంచం దగ్గర ఉండేది. సెలైన్లు మార్చాలి, సూదులు వేయాలి, రోగుల చుట్టాల చేత తిట్లు తినాలి. వినే తీరిక ఎక్కడిది?

ఒకరోజు మూల మంచం మీది గోపాల్‌పేట సాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, జర ఇను."

"చెయ్యి ఇడువు అవ్వా! నీ ఒక్కదానికే ఉన్ననా?" అని సుమన కసిరింది.

ముసలమ్మ చెయ్యి వదిలేసింది. ఆ కసురు తన నోటి నుంచే వచ్చిందంటే సుమన నమ్మలేకపోయింది. ఆ వారంలోనే పని మానేసింది. ఇంట్లో ఉన్నా నిద్ర పట్టేది కాదు. నెల గడిచాక హైదరాబాద్‌లో ఓ బీమా కంపెనీ పిలిచింది. కంప్యూటర్ ముందు కూర్చుని దవాఖాన బిల్లులు సరిచూసే పని.

"మనుషుల మొకాలు చూసే పని లేదు. సోమవారం పోత" అంది తల్లితో.

"పోదువులే. ముందుగాల తిను" అంది రుక్కమ్మ.

మరునాడు పొద్దున వార్డులోని మూల మంచం వచ్చింది. ఇనుప కాళ్లతో టకటకమంటూ, బస్టాండు దగ్గర లారీకి దారి ఇచ్చి, వీధులన్నీ దాటి సుమన వాళ్ల వాకిట్లో నిలబడింది. ఊడుస్తున్న రుక్కమ్మ "జర జరుగు" అంటే జరిగింది. సుమన ఎంత తోలినా మాత్రం పోలేదు. విసుగెత్తి దాని మీదే కూలబడి, అలాగే నడుం వాల్చింది. ఇన్నేళ్లలో ఆ మంచానికి దుప్పట్లు మార్చిందే గానీ ఒక్కసారీ ఒరిగింది లేదు. వాలిన మనిషి వాలినట్టే నిద్రపోయింది.

దవాఖాన మంచం మీద ఎవరైనా పడుకున్నారని తెలిస్తే పలకరించకుండా ఉండడం మనవాళ్ల వల్ల కాదు. సుమన కళ్లు తెరిచేసరికి వాకిలంతా జనం. బ్రెడ్డు పాకెట్లు, బత్తాయిలు, కొబ్బరిబోండాలు. వచ్చినవాళ్లంతా ఆమె చేతి కింద బాగుపడి ఇంటికెళ్లినవాళ్లే. వాళ్లలో నూరున్నీసా కాన్పప్పుడు చావు తప్పించుకున్న మనిషి. చంకలోని పిల్లను దించి, సుమన నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఎట్లున్నవ్ సిస్టరమ్మా?"

అడిగి వెళ్లిపోలేదు. చాప వేసుకుని పక్కనే కూర్చుంది.

సుమనకు ఏడుపు తన్నుకొచ్చింది. "అలిసిపోయిన అక్కా. చాన అలిసిపోయిన." ఆ మాట పైకి అనడం అదే మొదలు. నూరున్నీసా సలహాలేమీ చెప్పలేదు. బత్తాయి ఒలిచి ఒక్కో తొనా నోట్లో పెట్టింది. తనకు ఇంతమంది ఉన్నారా అని సుమన కడుపు నిండిపోయింది.

సాయంత్రం సాయమ్మ కోడలు పల్లీల మూటతో వచ్చింది. "ఇంటికొచ్చినంక మా అత్తకు కాలు పడిపోయింది సిస్టరమ్మా. లేకుంటే తనే వస్తుండె. నిన్ను మస్తు యాది చేస్తది."

తెల్లవారి మంచం బయల్దేరింది. దవాఖాన వైపు వెళ్లలేదు, గోపాల్‌పేట రోడ్డెక్కింది. సుమన చెప్పులేసుకుని వెనకే నడిచింది. ఊళ్లో ఓ రేకుల ఇంటి ముందు మంచం పక్కకు ఒరిగి, ఒడుపుగా గుమ్మం దాటి లోపల నిలిచింది. నేల మీద గొంగడిలో సాయమ్మ. సుమన, కోడలు కలిసి ఆమెను మంచం మీదికి ఎత్తారు. సుమన ఆమెకు ఒళ్లు తుడిచింది, ఒరిసిన వీపుకు మందు రాసింది, జడ వేసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి.

"వస్తలేను సార్. ఇండ్లల్ల మంచాన పడ్డోళ్లను చూసుకుంట ఈడనే ఉంట. ఒక్కొక్కల్ని, నిమ్మలంగ."

ఫోన్ పక్కన పెట్టి అడిగింది. "అవ్వా, ఆ దినం నిన్ను కసిరిన. తప్పైంది. ఏం చెప్దామనుకున్నవ్?"

"మంచిగైన, నీ పుణ్యమే అని చెప్దామనుకుంటి. నువ్వు ఉరికితివి."

"గంతేనా?"

"గంతేనా అంటవా? ఇంకా చాన ఉంది. కూసో."

సుమన కూర్చుంది.