ఇస్త్రీ చొక్కాలో బొటనవేలు

మధ్యాహ్నానికి ఇస్త్రీ పెట్టెలు బాగా కాలి గది వేడెక్కేసరికి ఆమె భర్త ఆవిరైపోయేవాడు. అది ఆ దుకాణంలో రోజూ ఉన్నదే. ఆమె కిటికీ మూసి, చన్నీళ్ళు పోసిన పళ్ళేన్ని పైకెత్తి పట్టుకునేది. పళ్ళెం అడుగున చుక్కలుగా కూడి, అతను కింద పెట్టిన గిన్నెలోకి దిగేవాడు. పొద్దు వాలి చల్లబడ్డాక గట్టిపడి, ఒళ్ళు విరుచుకుంటూ లేచేవాడు. వేడి అతన్ని చెదరగొట్టేది, చల్లదనం మళ్ళీ ఒకచోటికి చేర్చేది. వారి కాపురం ఈ రెంటి నడుమే సాగింది.

ఒక రోజు పరధ్యానంలో ఆమె ఒక గిన్నెకు బదులు ఇంకో గిన్నె అందుకుంది. బట్టల మీద చల్లే నీళ్ళనుకుని భర్తనే చిలకరించి, ఒక చొక్కా కాలరు ఇస్త్రీ చేసి పంపేసింది. సాయంత్రం అతను లేచి చూసుకుంటే కుడిచేతి బొటనవేలు లేదు. అది లేని చెయ్యి ఇస్త్రీ పెట్టెను పట్టలేదు. ఆ పని తప్ప అతనికి వేరే పని రాదు.

చొక్కా అతని అన్నగారిది. వీధి చివర గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి, తల్లి వైద్యం విషయంలో మాటపట్టింపు వచ్చి, తమ్ముడితో మాటలు మానేశాడు. తన కాలర్లకు ఇస్త్రీ మరొకరి చేతిలో కుదరదు కనుక చొక్కాలు పంపడం మాత్రం మానలేదు.

ఆమె పరుగున వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన మెడ తడుముకున్నాడు. తొడుక్కున్నప్పటి నుంచీ కాలరు చెమ్మ ఆరలేదనీ, తమ్ముడి పనితనం దిగజారిందని అప్పుడే నలుగురితో అనేశాననీ నసిగాడు.

"విప్పి ఇవ్వండి బావగారూ, నేను తీసుకెళ్తాను."

"దారిలో గాలికి ఆరిపోతే? వాడి వేలు వాడికి నేనే అప్పజెబుతాను," అని మెడకు రుమాలు చుట్టుకుని బయల్దేరాడు.

దుకాణంలో ఆయన్ని ఇస్త్రీ పెట్టెకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. పెట్టె ఒకటే, అదీ సన్నని నిప్పు మీద. ఎక్కువ కాలిస్తే మిగతా భర్త కూడా లేచిపోతాడు. కాలరు నుంచి ఆవిరి లేచింది. ఆమె పట్టిన పళ్ళెం నుంచి ఒక్కో చుక్కా భర్త చాచిన చేతిమీద రాలి, గట్టిపడసాగింది.

"నొప్పిగా ఉందేమిట్రా?" అన్నాడు అన్న, వెనక్కి తిరగకుండానే.

"లేదన్నయ్యా. గోరువెచ్చగా ఉంది."

"కాలరు మరీ అంత బిరుసుగా చేస్తావేం? మెడ తిప్పలేక చస్తున్నాను."

"నువ్వెప్పుడూ చెప్పలేదుగా."

"మాట్లాడుకుంటేగా చెప్పడానికి."

తర్వాత మాట తల్లి దాకా వెళ్ళింది, ఆవిడకు వైద్యం చేసిన డాక్టరు దాకా వెళ్ళింది, కాసేపు బిగిసింది, మళ్ళీ సడలింది. ఈలోగా వేలికి గోరు కూడా వచ్చేసింది. కాలరు పూర్తిగా ఆరిపోయిందని ఆమె ఒక్కతే గమనించింది. చేతులు లాగేస్తున్నా పళ్ళెం దించలేదు. బావగారు ఇంకా లేవలేదు.