పులిసిన మజ్జిగ, పులియని రొట్టె

శాంతమ్మ అక్క సోడా తెమ్మంది. నేను సోడా తెచ్చాను.

సంచీలోంచి చల్లని డబ్బాలు తీసి వంటగది గట్టు మీద పేరుస్తుంటే ఆవిడ పిండి జల్లెడ చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

"ఇయ్యేంటండీ తమ్ముడుగారూ?"

"సోడా అక్కా. బాగా చల్లగా ఉన్నవి ఏరి తెచ్చాను."

"ఓరి దేవుడో! తాగే సోడా కాదండీ బాబూ, తినే సోడా. రొట్టెలోకి. మీ ఇంట్లో బజ్జీల్లోకి ఏం వేసేవోరండీ?"

"నేను తినేవాణ్ణే కానీ వేసేవాణ్ణి కాదక్కా."

నా భార్య సిల్వియా నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారం కూడా మార్చుకోకుండా గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "ఈయన్ని షుఐబాలో స్టోర్‌కీపరుగా పెట్టుకున్నారు వదినా. అక్కడ వాల్వు అడిగితే ఏం ఇస్తున్నారో ఏమో!"

నేను మళ్ళీ మెట్లు దిగాను. కింద బకాలా కొట్టు మలబారాయన నన్ను చూసి, డబ్బాలు చల్లగా లేవా అని అడిగాడు. చల్లగానే ఉన్నాయి, చిక్కల్లా అదే అన్నాను.

మేముండేది కువైట్‌లో, హవల్లీలో. రెండు వీధుల అవతల మా సంఘపెద్ద దేవదానం గారి ఫ్లాటులో ప్రతి శుక్రవారం తెలుగు ఆరాధన జరుగుతుంది. నెలకోసారి ప్రభువు బల్ల, అంటే యేసు ప్రభువు చివరి భోజనానికి గుర్తుగా అందరం రొట్టె పంచుకోవడం. ఆ బల్ల మీద పెట్టే రొట్టె ఒక్కో నెల ఒక్కో కుటుంబం చేసి తేవాలి. అది పులియని రొట్టె కావాలి. అందుకని అందరూ మైదాతో చపాతీ చేసి తెచ్చేవాళ్ళు. చల్లారాక అది చెప్పు తోలులా సాగేది. దేవదానం గారు కళ్ళు మూసుకుని "దాని విరిచి" అని భక్తితో పలికేవారు. చేతులు మాత్రం చింపేవి.

శాంతమ్మ అక్కకి ఆ వంతు ఎప్పుడూ రాలేదు. ఆవిడది మా పాలకొల్లు వైపే. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని. వంట అంతా ఆవిడే చేసినా ఆ వంటగది మామాది. కొత్తవాళ్ళకి చెప్పాలి, ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు. మన ఊళ్ళో మామా అంటే మీసాలు గుర్తొస్తాయి గానీ, ఈ మామా ఐర్లాండు దేశపు మనిషి. కువైటీ ఆయన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడ స్థిరపడింది.

"నాకూ ఒక వంతు ఇప్పించండయ్యగారూ" అని శాంతమ్మ అక్క అడిగినప్పుడల్లా దేవదానం గారు మెత్తగానే చెప్పేవారు, "వంటగది లేనివాళ్ళకి వంతెలా ఇస్తామమ్మా?" అని. ఆయన మాటలో తప్పేమీ కనబడేది కాదు. కానీ బల్ల అందరిదీ అయినప్పుడు రొట్టె ఫ్లాటున్న వాళ్ళదే ఎందుకయిందన్న సందేహం మాత్రం నాకు ప్రార్థనలో కూడా వచ్చేది. చివరికి నేనే నోరు తెరిచి, మా వంటగది ఇస్తానన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "సరే, ఈసారికి చూద్దాం. రొట్టె సవ్యంగా కుదిరితే ఆమె పేరు వంతుల్లో కలుపుదాం. కుదరకపోతే ఇంక ఈ మాట ఎత్తకూడదు" అన్నారు.

అలా ఆ గురువారం సాయంత్రం మామా దగ్గర సెలవు తీసుకుని శాంతమ్మ అక్క మా ఇంటికి వచ్చింది.

"చపాతీ చేసేద్దాం వదినా, గొడవుండదు" అంది సిల్వియా.

"చపాతీ ఎవరైనా చేస్తారమ్మాయ్. నేను మా మామా చేసే సోడా రొట్టె చేస్తాను. ఈస్టు ఉండదు. ఈస్టు లేదంటే పులవందేగా?"

ఆ లెక్క మాకూ సరిగ్గానే తోచింది.

మా వంటగదిలో ఓవెన్ ఉందన్న మాటే గానీ, అందులో ఎప్పుడూ ఏదీ కాల్చలేదు. బాణళ్ళు, ఇడ్లీ పాత్ర, మూత దొరకని కుక్కరు దాని కడుపులో కాపురం ఉంటున్నాయి. వాటన్నిటినీ హాల్లో సోఫా మీదికి చేర్చి ఓవెన్ వెలిగించేసరికి, లోపల ఎప్పుడో పడ్డ పోపు గింజలు మాడి ఇల్లంతా ఆవాల వాసన వేసింది.

శాంతమ్మ అక్క పిండిలో ఉప్పు, సోడా కలిపి మధ్యలో గుంట చేసింది. సంచీలోంచి లబన్ సీసా తీసింది, ఇక్కడ మజ్జిగని అలాగే అంటారు. మూత తియ్యగానే నా ముక్కు ముడుచుకుంది.

"పాడయిందేమో అక్కా."

"పాడవ్వడమేంటండీ! రెండ్రోజులు బయటెట్టి పులవబెట్టాను. మజ్జిగ ఎంత పులిస్తే రొట్టె అంత గుల్లగా వస్తది. యల్లా, ఓవెన్ తలుపు తియ్యండి. మజ్జిగ పడ్డాక నిలబడి కబుర్లు చెప్పకూడదు."

చపాతీ పిండిలా పిసుకుతుందనుకున్నాను. ఊరికే వేళ్ళతో కలియదిప్పి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి ట్రేలో పెట్టింది. ఒకటి పెద్దది, బల్ల కోసం. ఒకటి చిన్నది, రుచి చూడ్డానికి. తరవాత చాకు తీసి రెండింటి మీదా అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గాటు పెట్టింది.

"సిలువ!" అన్నాను సంతోషంగా.

"సిలువ మాట నాకు తెల్దండి. ఈ గాటు పెట్టకపోతే ఫెయిరీ లోపలే ఉండిపోద్దని మా మామా చెప్పింది."

"ఫెయిరీ అంటే గిన్నెలు తోమే ఆకుపచ్చ సబ్బు కదూ?"

"అదేనండి. ట్రే ఎంత కడిగినా కాసింత వాసన ఉండిపోద్దిగా. ఈ గాటులోంచి ఆవిరితో పాటు బయటికి పోద్దన్నమాట."

చాలా తెలివైన ఏర్పాటే అనుకున్నాను. సిల్వియా మాత్రం గోడకి చేరగిలబడి కడుపు పట్టుకుంది.

"సబ్బు కాదొదినా! ఫెయిరీలంటే వాళ్ళ కథల్లో రెక్కలుండే చిన్న చిన్న ఆత్మలు. రొట్టెలో దూరి అల్లరి చేస్తాయని వాళ్ళ పెద్దోళ్ళ నమ్మకం."

శాంతమ్మ అక్క చేతిలో చాకు అక్కడే ఆగిపోయింది. "దెయ్యాలా? ప్రభువు రొట్టెలోనా? ఎన్నేళ్ళనించో తింటున్నాను కదమ్మా నేను!"

"గాటు పెట్టే తిన్నావుగా అక్కా, అన్నీ పోయే ఉంటాయి" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎందుకైనా మంచిది, ఇంకాస్త లోతుగా పెడతానుండండి" అని చాకు మళ్ళీ దించింది.

రొట్టెలు బయటికి వచ్చాక ఇల్లు మరో ఇల్లయిపోయింది. ఆవాల వాసన ఎటు పోయిందో! పైన బంగారు రంగు, గాటు నోరు విప్పి, మధ్యలో తెల్లటి గుజ్జు. చిన్నదాన్ని కోసి నా చేతికి ఒక ముక్క ఇచ్చి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది శాంతమ్మ అక్క.

నమిలాను. ఉప్పు కోసం వెతికాను. తీపి కోసం వెతికాను. నోట్లో ఏ మూలా ఏదీ తగల్లేదు. ఆవకాయ సీసా వైపు కన్ను పోయింది గానీ, ఎదురుగా ఆ మొహం ఉంది.

"ఆకాశం నుంచి దేవుడు కురిపించిన మన్నా ఇలాగే ఉండేదేమో అక్కా" అన్నాను.

ఆవిడ ఇంకో ముక్క కోసి పెట్టింది. అదీ తిన్నాను.

మర్నాడు పొద్దున్న దేవదానం గారి హాలు నిండిపోయింది. అందరం ఉపవాసమే. బల్ల తీసుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని అలవాటు మాది. శాంతమ్మ అక్క తెల్లచీర కట్టుకుని, రొట్టెని ఇస్త్రీ చేసిన తువ్వాలులో చుట్టుకుని వచ్చింది. బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పగానే వెనక వరసలో వాళ్ళు మెడలు సాచారు.

"ఆహా! సిలువ గుర్తు కూడా పెట్టావా తల్లీ!" దేవదానం గారి మొహం వెలిగింది.

"అంటే అదండీ, మా మామా చెప్పింది, లోపలున్న..."

సిల్వియాకి పెద్ద దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా మరో మాట సాగలేదు.

దేవదానం గారు ప్రతి నెలా అడిగే ప్రశ్న అడిగారు. "పులియనిదేనా అమ్మా?"

ఈ ప్రశ్నకి ఇంతవరకు అందరం "పులియనిదేనండి" అనేవాళ్ళం. శాంతమ్మ అక్క ప్రభువు బల్ల ముందు నిలబడి ఏదీ దాచదలుచుకోలేదు.

"పిండి పులవలేదండి. మజ్జిగ మాత్రం బాగా పులిసిందండి."

లబన్ అని ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. పులిసిన మజ్జిగ అన్న ఆ అచ్చ తెలుగు మాట మా కొంప ముంచింది.

"పులిసింది కలిపాక ఇంక పులియనిదెలా అవుతుంది?" దేవదానం గారి గొంతులో కోపం లేదు, బాధే ఉంది. "కొంచెం పులిసింది చాలు, ముద్దంతా పులుస్తుందని వాక్యమే చెబుతోంది కదా!"

మహబూలా నుంచి వచ్చే టిమోతి అనే కుర్రాడు, ఎలక్ట్రీషియన్, వెనకనించి లేచాడు. "అయ్యగారూ, నాదో సందేహమండి. పులిహోర పుల్లగా ఉంటది. కానీ పులవదు కదండీ?"

"ఉపవాసం రోజున నీకు పులిహోరే గుర్తొచ్చిందిరా! కూర్చో."

శాంతమ్మ అక్క రెండు చేతులతో తువ్వాలు అంచు పట్టుకుంది. "తీసెయ్యమంటారా అండీ?" అని అడిగింది, చాలా చిన్నగా.

ఆ మాట విని నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను గానీ ఏం చెప్పాలో తెలియదు. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. "అయ్యగారూ, పులిసింది మజ్జిగా, రొట్టా? మజ్జిగలోని పులుపు రొట్టెలో మిగిలితేనే కదండీ, రొట్టె పులిసిందనేది?" అన్నాను.

దేవదానం గారు గడ్డం నిమురుకున్నారు. ఆయన మొండి మనిషి కాదు. ఆమె కంట నీళ్ళు చూడాలనీ లేదు, వాక్యం తప్పాలనీ లేదు. "ఆ మాట బాగానే ఉంది. పులుపు తేలితే పులిసినట్టు. తేలకపోతే లేదు. రుచి చూస్తే తెలుస్తుంది" అని రొట్టె అంచు మీద చెయ్యి వేశారు.

"ఏవండీ, ఉపవాసం!" అని ఆయన భార్య కేక వేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఎవరు రుచి చూడాలి? అందరం ఉపవాసమే. అప్పుడు శాంతమ్మ అక్క మొహం కళకళలాడింది. "జోనాథన్ తమ్ముడుగారు నిన్న తిన్నారండి! రెండు ముక్కలు. మన్నాలా ఉందన్నారండి!"

హాలంతా నా వైపు తిరిగింది.

"మన్నా తేనె కలిపినట్టు తియ్యగా ఉండేదని కదా రాయబడింది" అన్నారు దేవదానం గారు. "రొట్టె తియ్యగా ఉందా?"

"లేదండి."

"పుల్లగా ఉందా?"

"లేదండి."

"ఉప్పగా?"

"అంత తగల్లేదండి."

"మరి ఎలా ఉంది బ్రదర్? ప్రభువు బల్ల ముందు నిలబడ్డారు, నిజం చెప్పండి."

శాంతమ్మ అక్క నన్నే చూస్తోంది. బాగుందంటే పులుపు ఉందేమోనని ఆయన అనుమానం తీరదు. బాగాలేదంటే ఆవిడ బాధ తీరదు. పోనీ అబద్ధమాడదామంటే స్థలం అలాంటిది.

"చప్పగా ఉందండి" అన్నాను.

"ఎంత చప్పగా?"

"బాగా చప్పగా ఉందండి. కాగితం నమిలినట్టుంది."

"స్తోత్రం!" అన్నారు దేవదానం గారు. ఒక రొట్టె చప్పగా ఉందని విని ఒక మనిషి అంతగా సంతోషించడం నేను మళ్ళీ చూడలేదు. "పులుపు లేశమైనా లేదు. ఇది పులియని రొట్టే. ఆరాధన మొదలుపెడదాం."

వాక్యంలో ఒకచోట పులియని రొట్టె అని ఉంటే ఇంకోచోట పొంగని రొట్టె అని ఉంటుంది. ఆ రొట్టె మాత్రం మా కళ్ళ ముందే గోపురంలా పొంగి కూర్చుంది. ఆ రెండో మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదో, గుర్తొచ్చినా ఎవరూ పైకి అనలేదో, నాకు తెలియదు. ఏదైనా దేవుని దయే.

దేవదానం గారు రొట్టె ఎత్తి పట్టుకుని "దాని విరిచి" అన్నారు. బొటనవేళ్ళు రెండూ గాటు మీద ఆనించి నొక్కారు. పెళుసు పెంకు పెటిల్లుమని విరిగింది. అన్నేళ్ళలో ఆ బల్ల మీద రొట్టె నిజంగా విరగడం అదే మొదటిసారి. ఆయన కూడా ఒక్క క్షణం చేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయారు. పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకున్న ఆ చిన్న ముక్క నాకు చప్పగా అనిపించలేదు. అది ఆకలో, ఆరాధనో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చివరి ప్రార్థన అయ్యాక దేవదానం గారు అందరి ముందూ చెప్పారు, ఇకనించి వంతుల్లో శాంతమ్మ పేరు కూడా ఉంటుందని. తరవాత ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఈసారి మజ్జిగ పులవకుండా చెయ్యొచ్చేమో చూడమ్మా" అన్నారు.

"పులవకపోతే పొంగదండీ అయ్యగారూ."

ఆయన రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. "ఆ మాట నాకు చెప్పొద్దు తల్లీ. నేను వినలేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మిగిలిన రొట్టె పిల్లలకి పంచడం మా ఆనవాయితీ. శాంతమ్మ అక్క పళ్ళెం పట్టుకుని నిలబడితే పిల్లలు చుట్టూ మూగారు. వాళ్ళతో పాటు టిమోతి కూడా చెయ్యి చాపాడు. వాడి చేతిలోనూ ఒక ముక్క పెట్టింది. ముందు రోజు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉంది నాకు. నేనూ చెయ్యి చాపాను.

ఆవిడ పళ్ళెం పక్కకి తిప్పేసింది.

"అక్కా, ఒక్క ముక్క."

"కాగితం మీకెందుకండీ తమ్ముడుగారూ? అరగదు."

"నేనలా అన్నందుకే కదక్కా నీ రొట్టె బల్లెక్కింది!"

"ఎక్కిందండి. నేనేం కాదన్నానా? వచ్చే వంతుకి కూడా మీ వంటగదే కావాలి నాకు." పళ్ళెంలో చివరి ముక్క తీసి, నా కళ్ళ ముందే, టిమోతి రెండో చేతిలో పెట్టింది. "చప్పగా ఉందన్నారు చూడండీ, అది నిజమే, దానికేం లేదండి. అంతకి ముందు మన్నా అన్నారు చూడండీ, దానికండి ఈ శిక్ష."